విసర్గకు కోలన్ కాదు, విసర్గే: కంప్యూటరులో తెలుగు ప్రత్యేక అక్షరాలను, గుర్తులను టైపు చేసే పద్ధతి

శుభలేఖ తెరిస్తే మొదటి పంక్తిలోనే "శ్రీ గణేశాయ నమ:" అని ఉంటుంది. కథల్లో "దు:ఖం", చరిత్ర వ్యాసాల్లో "అంత:పురం" కనిపిస్తాయి. ఈ మూడు మాటల్లోనూ విసర్గ లేదు. విసర్గ ఉండవలసిన చోట ఇంగ్లీషు విరామచిహ్నమైన కోలన్ కూర్చుని ఉంది. రెండూ రెండు చుక్కలే కనుక చదివేవారి కంటికి తేడా అంతగా తెలియదు. కంప్యూటరుకు మాత్రం అవి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు గుర్తులు. "దుఃఖం" అని సరిగ్గా టైపు చేసి వెతికితే "దు:ఖం" అని ఉన్న పేజీ ఒక్కటీ దొరకదు.

ఇలాంటి మారువేషాలు తెలుగులో చాలా ఉన్నాయి. అవగ్రహానికి ("సోఽహం"లోని ఽ గుర్తుకు) బదులు ఇంగ్లీషు ఎస్ అక్షరాన్ని, సున్నకు (అనుస్వారానికి) బదులు ఇంగ్లీషు సున్ననో ఓ అక్షరాన్నో, శ్లోకం చివరి దండానికి బదులు నిలువు గీతను, వలపలగిలకకు (పాత పుస్తకాల్లో హల్లు కుడి పక్కన రాసే ర్ గుర్తుకు) బదులు తెలుగు తొమ్మిది అంకెను పెట్టేస్తారు. వారి తప్పు కూడా కాదు; కీబోర్డు మీద అసలు అక్షరం ఎక్కడుందో చెప్పినవారు లేకపోతే చేతికి అందినదాన్నే వాడుకుంటారు. ఆ అసలు అక్షరాలు ఎక్కడున్నాయో, వాటిని ఎలా రప్పించాలో చెప్పడానికే ఈ వ్యాసం.

కొన్నేళ్ల కిందట ఒక పాత శతకానికి అకారాది పద్యసూచిక తయారుచేయడానికి కూర్చున్నాను. పద్యాలను అప్పటికే వేరేచోట టైపు చేయించి ఉన్నారు. మొదటి పాదాలన్నిటినీ ఒక పట్టికలో పెట్టి కంప్యూటరును అకారాదిగా సర్దమంటే, "కం"తో మొదలయ్యే పద్యాలు రెండు గుంపులుగా విడిపోయి వచ్చాయి. చాలాసేపు కారణం అంతుపట్టలేదు. చివరికి అక్షరాన్ని బాగా పెద్దది చేసి చూస్తే, ఒక గుంపులో అనుస్వారం, రెండో గుంపులో ఇంగ్లీషు సున్న ఉన్నాయని తెలిసింది. సరిచేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మొదటే సరైన మీట నొక్కి ఉంటే ఆ పనే ఉండేది కాదు.

అక్షరం వెనక ఉండే సంఖ్య

యూనికోడ్‌లో (అన్ని భాషల లిపులకూ కలిపి చేసిన ఉమ్మడి అక్షరాల పట్టికలో) ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే అందులో ఉంది. మన లిపికి కేటాయించిన గడి 128 స్థానాలది, అందులో కొన్ని ఇప్పటికీ ఖాళీయే. ఈ సంఖ్యలను పదహారు అంకెల పద్ధతిలో రాస్తారు కనుక సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలతో పాటు ఇంగ్లీషు ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలు కూడా అంకెలుగా వస్తాయి. ఈ వ్యాసంలో వాటిని తెలుగులోనే రాస్తున్నాను. అంటే 0సి03 అని కనబడితే సున్న, ఇంగ్లీషు సి, సున్న, మూడు అని మీరు టైపు చేయాలి. 0సి03 విసర్గ సంఖ్య. కోలన్ సంఖ్య 003ఏ. కంప్యూటరు చూసేది ఈ సంఖ్యలనే గాని చుక్కలను కాదు.

అనుస్వారం విషయంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అనుస్వారం 0సి02, తెలుగు సున్న అంకె 0సి66, ఇంగ్లీషు సున్న 0030, ఇంగ్లీషు చిన్న ఓ 006ఎఫ్. కాగితం మీద నాలుగూ గుండ్రని గీతలే. వాటిలో "అందం" అనే మాటలో ఉండదగినది మొదటిది ఒక్కటే.

మొదట కీబోర్డు, తర్వాతే సంఖ్యలు

సంఖ్యల జోలికి వెళ్లే ముందు మీ తెలుగు కీబోర్డులో ఏమున్నాయో చూసుకోవడం మేలు, ఎందుకంటే జనం లేవనుకునే అక్షరాల్లో సగం అక్కడే ఉంటాయి. విండోస్‌లో సెట్టింగుల్లోని సమయం, భాష విభాగానికి వెళ్లి తెలుగును చేర్చుకోవాలి. ఆ తర్వాత విండోస్ మీటను, స్పేసు మీటను కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారవచ్చు. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి, ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణను కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా దానితోనే వస్తోంది. మామూలు ఉత్తరాలకు అది చాలు. విసర్గలు, అరసున్నలు, బండి ఱలు తరచుగా రాయవలసినవారికి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను నేర్చుకోమనే నా సలహా, ఎందుకంటే అందులో ఒక మీటకు ఒక అక్షరం స్థిరంగా ఉంటుంది. యంత్రం మన మనసులోని మాటను ఊహించదు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికం చేసిన ఆ అమరికలో స్వరాలన్నీ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి.

ఇన్‌స్క్రిప్ట్‌లో విసర్గ హైఫన్ మీటపై ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని ఆ మీట నొక్కాలి. "దుఃఖం" రాయడానికి వరసగా ఓ, జి, షిఫ్ట్‌తో హైఫన్, షిఫ్ట్‌తో కె, ఎక్స్ మీటలను నొక్కాలి. ఓ మీటతో ద, జితో ఉకార గుర్తు, తర్వాత విసర్గ, షిఫ్ట్ పట్టిన కె మీటతో ఖ, ఎక్స్‌తో అనుస్వారం వస్తాయి. అయిదు నొక్కుళ్లు. కోలన్ పెట్టినా అంతకంటే తక్కువ పడవు కనుక శ్రమ ఏమీ మిగలదు.

బండి ఱ షిఫ్ట్ పట్టిన జె మీటపై ఉంటుంది. షిఫ్ట్ లేకుండా అదే మీట మామూలు ర. "గుఱ్ఱం" రాయాలంటే ఐ, జి, షిఫ్ట్‌తో జె, డి, మళ్లీ షిఫ్ట్‌తో జె, ఎక్స్ అని నొక్కాలి. మధ్యలో వచ్చిన డి మీట పొల్లు. రెండు ఱల నడుమ పొల్లు పడగానే రెండోది తనంతట తానే ఒత్తుగా మారి కిందికి చేరుతుంది. ఒత్తుల కోసం వేరే మీటలు వెతికేవారిని చూశాను. యూనికోడ్ తెలుగులో ఒత్తు అనే విడి అక్షరమే లేదు. హల్లు, పొల్లు, హల్లు అన్న వరసే ఒత్తు.

అరసున్న షిఫ్ట్ పట్టిన ఎక్స్ మీట మీద ఉంటుంది. ఇక్కడ వరస ముఖ్యం. "వాఁడు" అన్న మాటలో మొదట వ, తర్వాత దీర్ఘం, ఆ తర్వాత అరసున్న రావాలి. దీర్ఘం కంటే ముందు అరసున్న కొడితే దీర్ఘపు గుర్తు దిక్కులేనిదై చుక్కల వలయాన్ని వెంటబెట్టుకుని తెరమీద విడిగా నిలుస్తుంది. ఎక్కడైనా ఆ చుక్కల వలయం కనిపించిందంటే గుణింతపు గుర్తు తన హల్లును అంటిపెట్టుకుని లేదని అర్థం. అనుస్వారానికీ విసర్గకూ ఇదే నియమం: హల్లు, గుణింతం, చివర సున్న.

కీబోర్డులో లేని అక్షరానికి సంఖ్యే మార్గం

అవగ్రహం, దంత్య చ, దంత్య జ, పాత భిన్నాలు చాలా కీబోర్డుల మీద దొరకవు. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడేవారికి అన్నిటికన్నా సులువైన దారి ఒకటుంది: అక్షరం సంఖ్యను ఇంగ్లీషులో టైపు చేసి, వెంటనే ఆల్ట్ మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కడం. 0సి3డి అని కొట్టి ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే ఆ నాలుగు అంకెలూ మాయమై ఽ వస్తుంది. "శివోఽహం" రాయాలంటే "శివో" దాకా తెలుగులో కొట్టి, ఇంగ్లీషుకు మారి 0సి3డి కొట్టి, ఆల్ట్‌తో ఎక్స్ నొక్కి, తిరిగి తెలుగుకు వచ్చి "హం" కొట్టాలి. మొదటి రెండు రోజులు తడబాటుగా ఉంటుంది, తర్వాత వేళ్లే చేసుకుపోతాయి. లిబ్రెఆఫీస్ రైటరులోనూ ఇదే జంట పనిచేస్తుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. "38°" అని రాయాలనుకుని 38 తర్వాత డిగ్రీ గుర్తు సంఖ్యైన 00బి0ను ఎడం లేకుండా కొడితే, ముందున్న 38ని కూడా ఆ సంఖ్యలో భాగమనుకుని వర్డ్ పొరబడుతుంది. అలాంటప్పుడు 00బి0 అన్న నాలుగింటిని మాత్రమే మౌసుతో ఎంచుకుని, ఆ తర్వాత ఆల్ట్‌తో ఎక్స్ నొక్కాలి. ముందున్నది తెలుగు అక్షరమైతే ఈ ఇబ్బంది రాదు.

ఇదే జంట వెనక్కి కూడా పనిచేస్తుంది. అక్షరం వెంటనే కర్సరు పెట్టి ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే దాని సంఖ్య బయటపడుతుంది. మళ్లీ నొక్కితే అక్షరం తిరిగి వస్తుంది. నాకు దీనికన్నా ఉపయోగపడిన మీట మరొకటి లేదు. అనుమానం ఉన్న "నమః" పక్కన కర్సరు నిలిపి నొక్కండి. 0సి03 వస్తే విసర్గ, 003ఏ వస్తే కోలన్. శతకం సూచికలో ఇరుక్కున్న నాడు నాకు ఈ సంగతి తెలిసి ఉంటే సాయంత్రాలు రెండూ మిగిలేవి.

మాక్‌లో సిస్టమ్ సెట్టింగుల్లోని కీబోర్డు విభాగంలో యూనికోడ్ హెక్స్ ఇన్‌పుట్ అనే కీబోర్డును చేర్చుకుని, దానికి మారి, ఆప్షన్ మీటను నొక్కిపట్టి నాలుగు అంకెలూ కొట్టాలి. కంట్రోల్, కమాండ్, స్పేసు మూడింటినీ కలిపి నొక్కితే అక్షరాల పట్టిక కూడా తెరుచుకుంటుంది. లినక్సులో ఎక్కువ అనువర్తనాల్లో ఇంగ్లీషు కీబోర్డులో ఉండగా కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి, సంఖ్య కొట్టి, ఎంటర్ నొక్కాలి. గూగుల్ డాక్స్‌లో ప్రత్యేక అక్షరాల పెట్టె తెరిచి అక్కడ సంఖ్యతో వెతకవచ్చు. మౌసుతో ఆకారం గీసి చూపినా అది పోలికను బట్టి వెతికిపెడుతుంది. విండోస్‌లో సంఖ్య గుర్తులేనప్పుడు క్యారెక్టర్ మ్యాప్ అనే పాత అనువర్తనాన్ని తెరిచి, ఫాంటుగా నిర్మలను ఎంచుకుని, అక్షరాన్ని నకలు తీసుకుని అతికించుకోవచ్చు.

ఇక సంఖ్యలు. అరసున్న 0సి01. బండి ఱ 0సి31. అవగ్రహం 0సి3డి. ౄ గుణింతం 0సి44. "పితౄణాం" వంటి మాటల్లో ఇది కావాలి. దంత్య చ (ౘ) 0సి58, దంత్య జ (ౙ) 0సి59. "ౘలి", "ౙల్లు" అని ఉచ్చారణ భేదం చూపించదలచిన నిఘంటువులకు, వ్యాకరణ పాఠాలకు ఇవి తప్పనిసరి. అవగ్రహం, ఈ రెండు దంత్యాలు యూనికోడ్‌లోకి 2008లోనే వచ్చాయి కనుక అంతకుముందు తయారైన ఫాంట్లలో అవి లేకపోతే ఆశ్చర్యపడనక్కర్లేదు.

శ్లోకాల చివర పెట్టే దండం (।) 0964, జంట దండం (॥) 0965. ఇవి దేవనాగరి గడిలో ఉన్నాయని వెనకాడవద్దు. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా వాడుకోవడానికే వాటిని అక్కడ ఉంచారు. వేదమంత్రాలకు కావలసిన నిలువు స్వరం 0951, అడుగున గీసే అనుదాత్తం 0952 కూడా అలాగే ఉమ్మడివి. జంట నిలువు గీతల స్వరం 1సిడిఏ. స్వరం ఏ అక్షరానికి చెందుతుందో దాని గుణింతం పూర్తయ్యాకే కొట్టాలి. ఓంకారానికి తెలుగులో విడి గుర్తు లేదు. ఓ, అనుస్వారం కలిపి "ఓం" అని రాస్తే చాలు.

కంటికి కనబడని రెండు అక్షరాలు

తెలుగులో ఎక్కువమంది తడబడేది కనబడే గుర్తుల దగ్గర కాదు, కనబడని దాని దగ్గర. "సాఫ్ట్‌వేర్" అన్న మాటనే తీసుకుందాం. ట తర్వాత పొల్లు కొట్టి వెంటనే వ కొడితే, హల్లు, పొల్లు, హల్లు వరస ఏర్పడింది కనుక కంప్యూటరు తన ధర్మం ప్రకారం వకారాన్ని ఒత్తుగా మార్చి "సాఫ్ట్వేర్" అని చూపిస్తుంది. అది చదవడానికి కష్టం, పలకడానికి ఇంకా కష్టం. పొల్లును పొల్లుగానే నిలిపి, తర్వాతి హల్లును విడిగా ఉంచమని చెప్పడానికి ఆ రెండింటి మధ్య వెడల్పు లేని ఒక విడదీసే గుర్తును పెట్టాలి. దాని సంఖ్య 200సి. ట, పొల్లు, 200సి, వ, ఏత్వం, ర, పొల్లు అన్నది ఆ మాట చివరి భాగానికి సరైన వరస.

"ఫేస్‌బుక్", "రాజ్‌కుమార్", "కంప్యూటర్‌లో", "బస్‌పాస్" వంటి మాటలన్నిటిలో ఈ గుర్తు ఉండాలి. దాని బదులు స్పేసు కొట్టి "రాజ్ కుమార్" అంటే ఒక పేరు రెండు మాటలవుతుంది. పంక్తి చివర ఆ పేరు రెండుగా తెగి కిందికి జారవచ్చు. హైఫన్ పెడితే అసలు లేని గీత వచ్చి చేరుతుంది. మాట చివర పొల్లు ఉన్నప్పుడు మాత్రం ఈ గుర్తు అక్కర్లేదు. "బస్" తర్వాత స్పేసు వస్తే పొల్లు తానుగానే పొల్లుగా నిలుస్తుంది. అక్కడ కూడా అలవాటుగా దాన్ని కొట్టేస్తే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు "బస్"లు వెతుకులాటలో వేర్వేరు మాటలవుతాయి. ఫైళ్ల పేర్లలో దీన్ని వాడకపోవడమే మంచిది. ఒకే ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నట్టు కనబడి, ఏది ఏదో తేల్చుకోలేని స్థితి వస్తుంది.

ఇది ఎక్కడుందో కనబడదు గాని, వెనక్కి చెరిపేటప్పుడు దొరికిపోతుంది. బ్యాక్‌స్పేసు ఒకసారి నొక్కినా ఏమీ చెరగనట్టు కర్సరు అక్కడే ఉండిపోయిందంటే, లేదా ఉన్నట్టుండి విడి హల్లు ఒత్తుగా మారిపోయిందంటే, మీరు చెరిపినది ఈ గుర్తునే. తరచుగా రాసేవారు వర్డ్‌లో దీనికి సొంత మీట కేటాయించుకోవచ్చు. ఇన్సర్ట్ జాబితాలో సింబల్, అందులో మోర్ సింబల్స్ తెరిచి, అక్షర సంఖ్య గడిలో 200సి అని కొడితే ఆ గుర్తు ఎంపికవుతుంది. పక్కనే ఉన్న షార్ట్‌కట్ కీ అన్న మీటను నొక్కి, మరే పనికీ వాడని ఒక జంటను ఇవ్వాలి. అవగ్రహానికీ, దంత్యాలకూ నేను అలాగే చేసుకున్నాను.

దీనికి తోబుట్టువు వంటి రెండో గుర్తు 200డి. అది కలిపే గుర్తు. మామూలు తెలుగు రాతకు దానితో పని లేదు గాని, పాత పుస్తకాలను ఉన్నదున్నట్టు ఎక్కించేవారికి వలపలగిలక రాయడానికి కావాలి. "ధర్మము" అన్న మాటలో రేఫను ముందు ర్ గా రాయకుండా, మకారం కుడి పక్కన తొమ్మిది అంకెను పోలిన గిలకగా రాయడం పూర్వపు అచ్చుపుస్తకాల పద్ధతి. అందుకని చాలామంది తెలుగు తొమ్మిదినే పెట్టి "ధమ౯ము" అని టైపు చేస్తారు. చూపుకు సరిపోతుంది, కాని అందులో రేఫ ఎక్కడా లేదు. పైగా మాట మధ్యలో ఒక అంకె ఉంది. సరైన వరస ఇది: ర, పొల్లు, 200డి, ఆ తర్వాత మ. వలపలగిలక ఆకారం ఉన్న ఫాంటులో అది మకారం పక్కన గిలకగా కనిపిస్తుంది. ఆ ఆకారం లేని ఫాంటులో మామూలు ర్ గానే కనిపించవచ్చు, అయినా మాట మాత్రం చెడదు. వెతికేటప్పుడు రేఫ రేఫగానే ఉంటుంది. ఫాంటు నేడో రేపో మారుతుంది. తొమ్మిదిగా ఎక్కించిన రేఫ మాత్రం ఎవరో ఒకరు కూర్చుని దిద్దేదాకా తొమ్మిదిగానే ఉండిపోతుంది.

అంకెలు, భిన్నాలు, రూపాయి

తెలుగు అంకెలు ౦ నుంచి ౯ వరకు 0సి66 నుంచి 0సి6ఎఫ్ దాకా వరసగా ఉన్నాయి. పద్యసంఖ్యలకు, పంచాంగాలకు, పుస్తకాల ముందుమాట పేజీలకు ఇవి ఎంతో అందంగా ఉంటాయి. లెక్కలు వేయవలసిన పట్టికల్లో మాత్రం ఇంగ్లీషు అంకెలే వాడాలి. ఎక్సెల్ గడిలో ౨౫ అని రాస్తే అది దాన్ని సంఖ్యగా కాక మాటగా తీసుకుంటుంది.

పాత దస్తావేజులు, కరణాల లెక్కలు ఎక్కించేవారికి 2008లోనే ఒక గొప్ప సదుపాయం వచ్చింది. నాలుగు చొప్పున భాగించుకుంటూ పోయే మన పూర్వపు భిన్నాల గుర్తులు 0సి78 నుంచి 0సి7ఈ వరకు ఉన్నాయి. 0సి78 హళ్లి, అంటే అక్కడ ఏమీ లేదనే గుర్తు. ౹ పావు, ౺ అర, ౻ ముప్పావు. ఆ కింది మెట్టులో ౼ వీసం, అంటే పదహారో వంతు. ౽ రెండు వీసాలు, ౾ మూడు వీసాలు. 0సి7ఎఫ్ తూము గుర్తు. మీ తాతగారి కౌలు చిట్టా ఎప్పుడైనా చేతికి వస్తే, అందులోని నిలువు గీతలను ఇంగ్లీషు నిలువు గీతలుగా కాక ఈ గుర్తులుగానే ఎక్కించమని నా మనవి.

రూపాయి గుర్తును కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది. ఆ సంవత్సరమే అది యూనికోడ్‌లోకి 20బి9గా వచ్చింది. మధ్యలో కొన్నాళ్లు కొన్ని ఫాంట్లలో గ్రేవ్ గుర్తు (`) స్థానంలో రూపాయి బొమ్మను అమర్చి వాడారు. ఆ రోజుల్లో తయారైన పత్రాలను ఇప్పుడు తెరిస్తే ధరల ముందు రూపాయికి బదులు ఒక చిన్న ఒంటి గీత కనిపిస్తుంది. బొమ్మను మాత్రమే మార్చి, సంఖ్యను మార్చకపోతే జరిగేది ఇదే. విండోస్‌లో ఇంగ్లీషు (ఇండియా) కీబోర్డు పెట్టుకుంటే కుడివైపు ఆల్ట్ మీటతో 4 నొక్కగానే ₹ వస్తుంది.

మిగతా మామూలు గుర్తులకు విండోస్ మీటతో చుక్క నొక్కితే తెరుచుకునే పెట్టెలో ఎమోజీల పక్కనే గుర్తుల విభాగం ఉంటుంది. ద్రవ్యాలు, గణిత చిహ్నాలు, విరామచిహ్నాలు అక్కడ దొరుకుతాయి. విడిగా అంకెల మీటల గడి ఉన్న కీబోర్డులో అయితే ఆల్ట్ నొక్కిపట్టి ఆ గడిలోనే 0176 కొడితే °, 0215 కొడితే ×, 0247 కొడితే ÷, 0188 కొడితే ¼, 0189 కొడితే ½, 0190 కొడితే ¾, 0169 కొడితే © వస్తాయి. పై వరసలోని అంకెలతో ఇది పనిచేయదు. తెలుగు కీబోర్డు తెరిచి ఉండగా కొడితే వేరే గుర్తులు రావచ్చు కనుక ఇంగ్లీషుకు మారి కొట్టడం మంచిది. గుణకారానికి ఎక్స్ అక్షరం, డిగ్రీకి పైకెత్తిన సున్న వాడటం కూడా విసర్గకు కోలన్ వాడటం వంటిదే.

డబ్బాలు కనబడితే

సంఖ్య సరిగ్గా కొట్టినా అక్షరం బదులు ఖాళీ డబ్బా కనిపించిందంటే తప్పు మీది కాదు. ఆ ఫాంటులో ఆ అక్షరం గీసి లేదు. దాన్ని చెరిపేసి పోలిన అక్షరమేదో పెట్టకండి. ఫాంటు మార్చి చూడండి. విండోస్ 8తో వచ్చిన నిర్మల ఫాంటులో గాని, గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో తెలుగు ఫాంట్లలో గాని పరీక్షించండి. విండోస్ ఎక్స్‌పీ కాలపు గౌతమి కంటే వీటి పరిధి విశాలం. పీడీఎఫ్‌గా పంపేటప్పుడు ఫాంటును అందులోనే పొదిగితే అవతలివారి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోయినా అక్షరాలు నిలుస్తాయి.

పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకాల సంగతి వేరు. యూనికోడ్‌కు ముందటి ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చుకున్నవి. వాటిని మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి తెచ్చినప్పుడు విసర్గలు, అరసున్నలు, ఱలు దెబ్బతినే అవకాశం ఎక్కువ కనుక మార్చిన ప్రతిని మూలంతో పక్కపక్కన పెట్టుకుని చదవకుండా అచ్చుకు ఇవ్వకూడదు.

ఇప్పటికే ఉన్న ప్రతిని సరిచేసేటప్పుడు

వెతికి మార్చే సదుపాయంతో కోలన్లన్నిటినీ ఒక్కసారిగా విసర్గలుగా మార్చాలన్న ఆశ కలుగుతుంది. అలా చేయకండి. "స్థలం: విజయవాడ", "సమయం: 10:30" వంటి చోట్ల కోలన్ తన హక్కుతోనే ఉంటుంది. విసర్గ వచ్చే మాటలు తెలుగులో లెక్కపెట్టగలిగినన్నే. "దు:ఖ", "అంత:", "నమ:", "ప్రాత:", "పున:", "స్వత:" అని ఒక్కొక్కదాన్నే వెతుకుతూ, ప్రతిసారీ చూసి మార్చండి. వర్డ్‌లోని ఆటోకరెక్ట్ జాబితాలో ఎడమ గడిలో "దు:ఖం", కుడి గడిలో "దుఃఖం" పెట్టుకుంటే ఆ మాట ఇక ముందు ఎవరు కొట్టినా ఆ కంప్యూటరులో సరిగ్గానే పడుతుంది. అయితే ఆటోకరెక్ట్ మాట పూర్తయ్యాకే పనిచేస్తుంది కనుక, మాట మధ్యలో ఒక్క అక్షరాన్ని తెప్పించడానికి అది పనికిరాదు. దానికి ముందు చెప్పిన సొంత మీటే దారి.

అనుస్వారం చోట ఇంగ్లీషు సున్న పడిన ప్రతిలో, నిజమైన సంఖ్యలకు హాని కలగకుండా "క0", "చ0", "ప0" అని హల్లుతో కలిపి వెతకాలి. హల్లులన్నీ ముగిశాక "కా0", "కు0" వంటి గుణింతాలను కూడా ఒకసారి చూడాలి. అవగ్రహానికి ఎస్ పడిన చోట్ల "ోఎస్" అన్న జంటను వెతికితే, అంటే ఓత్వం గుర్తు పక్కనే ఇంగ్లీషు ఎస్ అక్షరాన్ని పెట్టి వెతికితే, చాలావరకు దొరికిపోతాయి, ఎందుకంటే స్తోత్రాల్లో అవగ్రహం ఎక్కువగా వచ్చేది "నమోఽస్తు", "సోఽహం" వంటి ఓకారాల తర్వాతే. ఏకారం తర్వాత వచ్చేవాటిని విడిగా మరోసారి వెతకాలి. ఇదంతా మొదలుపెట్టే ముందు అసలు ఫైలుకు ఒక నకలు తీసి వేరేచోట భద్రపరచుకోండి.